రంగం పోయిన సుబేదారు తాత

ప్రశ్న: సార్, నమస్తే. మాది హుజూరాబాద్ దగ్గర పల్లె. నేను హన్మకొండలో సర్కారు బడి టీచరును. మా అమ్మమ్మ వాళ్ళ నాయిన జర్మన్ లడాయిలో (మొదటి ప్రపంచ యుద్ధంలో) ఇరాక్‌లోని బస్రా దాకా పోయి వచ్చిన సిపాయి. ఊళ్ళో అందరూ సుబేదారు అనేవాళ్ళట. పింఛను మీద వచ్చి కొన్నేండ్లు ఎవుసం చేసి, అమ్మమ్మకు నాలుగేండ్లప్పుడు, అంటే 1929లో, రంగం (బర్మాలోని రంగూన్) పోయిండు. మళ్ళీ రాలేదు. రెండో లడాయిలో అక్కడి నుంచి నడిచి వస్తూ తొవ్వలోనే పోయిండని ఎవరో చెప్పిన మాట. ఆయన పోయిన కొన్నేండ్లకు భూమి పాలోళ్ళ (దాయాదుల) చేతికి పోయింది, ముత్తవ్వ బిడ్డను తీసుకొని తల్లిగారింటికి చేరింది. అమ్మమ్మ 2019లో 94 ఏండ్లకు కాలం చేసింది. ఆఖరు దాకా "మా నాయిన రంగంల ఉన్నడు" అనేది. "ఉండె" అని ఒక్కసారి కూడా అనలేదు.

ఆమె సందుగలో మూడు దొరికినయి: ఒక వెండి బిళ్ళ, ఒక ఫోటో, ఒక ఉర్దూ కాగితం. మూడూ ఫోటోలు తీసి పంపుతున్నా. బిళ్ళ అంచు మీద అంకెలు, ఇంగ్లిషు అక్షరాలు ఉన్నయి. ఫోటో వెనక పెన్సిల్‌తో "బహుధాన్య ఉగాది" అని రాసి ఉంది, కింద స్టూడియో ముద్ర సగం చెరిగిపోయి ఏదో "మెయిన్" రోడ్డు అని కనిపిస్తున్నది. రంగూన్ ఓడల లిస్టు ఎక్కడ దొరుకుతది? పాస్‌పోర్టు నకలు తీయొచ్చా? ఆయనకు అక్కడ ఇంకో సంసారం ఉండెనా అని మా అమ్మ అడగమన్నది.
— ఒక టీచరు, హన్మకొండ

జవాబు: అమ్మా, ఓడల లిస్టు మాట మరిచిపోండి. పాస్‌పోర్టు మాట కూడా. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. 1929లో రంగం పోవుడంటే బొంబాయి పోయినట్టే. వరంగల్లులో రైలెక్కి, బెజవాడ మీదుగా కాకినాడలో దిగి, ఓడకు టికెట్టు కొనుక్కుంటే అయిపోయింది. అదే ఆయన గిర్మిట్ (ఒప్పంద) కూలీగా ఫిజీకి పోయి ఉంటే మీ పని ఎంతో సులువయ్యేది. 1879 నుంచి 1916 దాకా అట్లా పోయినవాళ్ళకు పాసులుండేవి. తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, ఎత్తు, ఒంటి మీది మచ్చలు అన్నీ రాసేవాళ్ళు. చెరుకు తోటకు ఒప్పందం రాసిచ్చిన కూలీ వదిలిన కాగితంలో సగం కూడా, సొంత పైసలతో టికెట్టు కొన్న పింఛనుదారు వదల్లేదు.

అయితే మీ సందుగలో ఉన్న మూడూ ఓడ లిస్టు కన్నా ఎక్కువే చెబుతున్నాయి. ఒక్కొక్కటి చూద్దాం.

వెండి బిళ్ళ మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్. ఒకవైపు అయిదో జార్జి తల. రెండో వైపు గుర్రం మీద బట్టల్లేని మనిషి, గుర్రం కాళ్ళ కింద డాలు, పుర్రె. ఆ తళతళ చూస్తుంటే ఎవరో చింతపండు పెట్టి తోమినట్టున్నారు. మళ్ళీ తోమకండి తల్లీ. ఈ పతకానికి విలువంతా అంచులోనే ఉంది, అంచు అరిగితే ఆయన పేరు అరిగినట్టే. మన పల్లెల్లో ఇట్లాంటివి ఎన్ని అవుసలి కొలిమిలో కరిగి పట్టగొలుసులయినాయో లెక్కలేదు. మీ అమ్మమ్మ పేదరికంలో కూడా దాన్ని అమ్ముకోలేదు. ఇంకో సంగతి: సిపాయిలకు వెండిది ఇచ్చారు, ఫౌజు వెంట పోయిన కూలీ దళాలకు కంచుది. కాబట్టి ఈయన ఆయుధం పట్టిన మనిషే.

అంచు మీద వరుసగా నంబరు, హోదా, పేరు, పల్టను ఉంటాయి. మీరు పంపిన ఫోటోలో హోదా "నాయక్" అని స్పష్టంగా ఉంది, అది సుబేదారు కన్నా కింది హోదా. తర్వాత పైకి పెరిగారేమో గానీ, పతకం నాటికి సుబేదారు కాదు. బాధపడకండి, ఫౌజు నుంచి ఊరికి తిరిగొచ్చిన ప్రతి మనిషీ సుబేదారే ఆ రోజుల్లో. (మన హన్మకొండ సుబేదారికి ఈ పల్టను సుబేదార్లతో సంబంధం లేదు. అది వరంగల్ సుబాను ఏలిన సుబేదారు పేరు మీద వచ్చింది. దీని మీద నాకు ఏటా నాలుగు ఉత్తరాలైనా వస్తాయి.)

పేరు తర్వాత "2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎమ్." అని ఉంది. అంటే రెండో క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. జనం మాటలో మద్రాసు సాపర్లు. వంతెనలు కట్టుడు, బాటలు వేసుడు, కందకాలు తవ్వుడు వీళ్ళ పని. ఈ పల్టను కంపెనీలు మెసపొటేమియాలో (నేటి ఇరాక్‌లో) పనిచేశాయి కాబట్టి మీ ఇంట్లో చెప్పుకునే బస్రా మాట నిలబడుతుంది. నిజాం రయ్యతు మద్రాసు పల్టనులో ఎట్లా చేరిండని మీకు అనుమానం రావచ్చు. 1806 నుంచీ సికింద్రాబాద్ కంటోన్మెంటు ఉంది, మద్రాసు ఫౌజు మకాం అక్కడే. మన దిక్కు పిల్లలకు అది నాలుగు రోజుల నడక. అసలు తొలినాటి సిపాయిల్లో తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, ఉత్తరాదిలో ఈస్టిండియా కంపెనీ సిపాయిని "తిలంగా" అనే పిలిచేవాళ్ళు.

ఆ పల్టను నేటి పేరు మద్రాస్ ఇంజినీర్ గ్రూప్, కేంద్రం బెంగళూరులో. అక్కడి రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయండి. నంబరు ముందు రాయండి, పేరు తర్వాత. రాజయ్య అన్న పేరును ఒక గుమాస్తా రాజియా అని, ఇంకొకడు రాజూ అని రాసి ఉంటాడు. నంబరుకు ఆ తిప్పలు లేవు. "షీట్ రోల్", "లాంగ్ రోల్" అన్న మాటలు వాడండి, వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. షీట్ రోల్ అంటే సిపాయి పూర్తి సర్వీసు చిట్టా: తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, గుర్తుపట్టే మచ్చలు. వందేండ్ల కిందటిది మిగిలి ఉంటుందని ఆశ పెట్టుకోకండి. లాంగ్ రోల్ అంటే అందరి పేర్లూ వరుసగా ఎక్కించిన పెద్ద రిజిస్టరు, దాన్ని పారెయ్యరు. ఒక్క వరుసే దొరకొచ్చు. ఆ ఒక్క వరుసలో చేరిన తేదీ, పింఛను తేదీ ఉన్నా చాలు. పింఛను ఏ ఊళ్ళో తీసుకున్నారన్నది కూడా అడగండి. ఇంటిని మరిచిన సిపాయిలను చూశాను గానీ, పింఛను మరిచిన సిపాయిని నేను చూడలేదు.

లండన్‌కు రాయాలా అని అడుగుతారేమో. వద్దు. బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు కాగితాలు తెల్ల అధికారుల గురించి చెప్పినంతగా మామూలు సిపాయి గురించి చెప్పవు.

ఇక ఫోటో. బహుధాన్య అంటే 1938-39. అరవై ఏండ్లకొకసారి తిరిగి వస్తుంది గనక 1878 అన్నా కావాలి, 1998 అన్నా కావాలి, ఆ రెండూ కుదరవు. ఉగాది నాటి రాత కాబట్టి 1938 మార్చి చివరో ఏప్రిల్ మొదలో. ఫోటోలో ఆయనకు యాభై ఉంటాయి. తలపాగా, గుండీల కోటు, నడుం మీద పటకా, పటకా మీద ఇత్తడి బిళ్ళ. మన కచేరీల్లో బిళ్ళ బంట్రోతు పెట్టుకునేది అట్లాంటిదే. పింఛను సిపాయిలను బ్యాంకులు, బియ్యం మిల్లులు, ఓడల కంపెనీలు దర్వాన్లుగా పెట్టుకోవడం ఆ రోజుల్లో మామూలు. ఆ ఇత్తడి బిళ్ళ ఒక్కదాన్నే స్కానర్ మీద 1200 డి.పి.ఐ.లో తీయించి పెద్దది చేసి చూడండి. "ఐ.ఎఫ్.సి." అని ఉంటే ఇరావడీ ఫ్లొటిల్లా కంపెనీ, అంటే ఇరావడీ నది మీద పడవలు నడిపిన కంపెనీ. "బి.ఆర్." అని ఉంటే బర్మా రైల్వే కావచ్చు.

మీ "మెయిన్ రోడ్డు" దగ్గర నేను భూతద్దం పెట్టి పావుగంట కూర్చున్నాను. మెయిన్ రోడ్డులోని మెయిన్‌కు ఎమ్ తర్వాత ఏ రావాలి. మీ ముద్రలో ఎమ్, ఇ, ఐ, ఎన్ ఉన్నాయి. దాని ముందు చెరిగిన నాలుగు అక్షరాల్లో చివరిది ఎల్. అది రోడ్డు కాదమ్మా, ఊరు. మౌల్మెయిన్. రంగూన్ నుంచి సముద్రానికి అవతలి ఒడ్డున, సాల్విన్ నది ముఖాన ఉన్న రేవు. మన దిక్కు బర్మా మొత్తాన్నీ రంగం అన్నారు కాబట్టి మీ ఇంట్లో రంగమే మిగిలింది. ఇప్పుడు దాన్ని మౌలమ్యైన్ అంటున్నారు.

ఇక ఉర్దూ కాగితం. ముప్పై నాలుగేండ్లు తహసీలు రికార్డు గదిలో బస్తాలు విప్పి కట్టిన వాణ్ణి, అయినా దీనికి ఒక రాత్రి పట్టింది. శికస్తా రాత, అంటే ఉర్దూ గొలుసుకట్టు, గుమాస్తాకు తొందర ఎక్కువ. మీరు అనుకున్నట్టు ఇది మీ ముత్తాత రాసిన ఉత్తరం కాదు. ఒక తహసీలు నుంచి మీ ముత్తవ్వ పేర వచ్చిన నోటీసు. తారీఖు తీర్ నెల, 1344 ఫసలీ. (ఫసలీ అంటే నిజాం సర్కారు లెక్కల సంవత్సరం. అది అక్టోబరులో ఆజూరు నెలతో మొదలవుతుంది. డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలుపుకోండి. తీర్ ఎనిమిదో నెల కాబట్టి ఇది 1935 మే.) సంగతి ఏమిటంటే, పట్టాదారు తమ్ములు పట్టా తమ పేర మార్చమని దరఖాస్తు పెట్టారు. ఏమైనా అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పుకోమని ఆమెకు కబురు. పట్టాదారు పేరు పక్కన గుమాస్తా రెండు మాటలు రాశాడు: మఫ్ఖూదుల్ ఖబర్. అంటే ఖబరు లేకుండా పోయినవాడు, బతికున్నాడో లేడో తెలియనివాడు.

ఇప్పుడు రెండు తారీఖులూ పక్కపక్కన పెట్టి చూడండి. 1935 మేలో ఖబరు లేని మనిషి 1938 ఉగాదికి కోటు గుండీలు పెట్టుకొని ఫోటో దిగి ఇంటికి పంపాడు. మీ ఇంట్లో ఈ రెండు కాగితాలూ ఎనభై ఏండ్లకు పైగా ఒకే సందుగలో ఉన్నాయి. ఒకటి ఉర్దూ, రెండోది తెలుగు సంవత్సరం పేరు. రెండూ చదవగలిగిన మనిషి ఆ ఇంట్లో లేకపోయాడు. ఆయన తప్పిపోయింది బర్మాలో కాదు, తహసీలు కచేరీలో.

తమ్ములు అబద్ధమే ఆడారా? నేను ఒట్టు పెట్టి చెప్పను. ఆరేండ్లు ఉత్తరం రాకపోతే మనిషి లేడనుకునే కాలం అది. మా పెదనాయన బొంబాయి పోయి తొమ్మిదేండ్లు కార్డు ముక్క రాయలేదు. ఇంట్లో కర్మ చేద్దామా వద్దా అని మాట్లాడుకుంటుంటే సద్దుల బతుకమ్మ నాడు గొడుగు పట్టుకొని దిగాడు, పైగా అన్నం చల్లారిందని కోపం. కాబట్టి పాలోళ్ళ మనుమలతో పంచాయితీకి పోకండి. తొంభై ఏండ్ల కిందటి పట్టా మార్పిడితో ఇవాళ భూమి వస్తుందా అన్నది వకీలు చెప్పాలి, నా మట్టుకు నేను ఆ ఆశ పెట్టను. మీకు కావలసింది చరిత్రే అయితే, 1954-55 ఖాస్రా పహాణీ (భూమి ఎవరి పేర, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు) నకలు, వీలైతే సేత్వార్ (భూమి కొలిచి పట్టాదారు పేరు ఎక్కించిన సర్వే రికార్డు) నకలు తీయండి. సేత్వార్‌లో ఎవరి పేరుంది, ఖాస్రాలో ఎవరి పేరుంది అన్నది చూస్తే, నోటీసు తర్వాత ఏం జరిగిందో తెలుస్తుంది. ఫౌతీ (చనిపోయాడు) అని రాశారా, ఇంకా లాపతా (జాడ లేదు) అనే ఉంచారా అన్నది ముఖ్యం. ఆయన చావును ఎవరు ఎప్పుడు నమోదు చేశారన్నది దాంట్లో తేలుతుంది.

తొవ్వలో పోయిండన్న మాట గురించి. మౌల్మెయిన్ ఊరు తెలిశాక ఆ కథ కొంచెం కదులుతున్నది. రంగూన్ మీద 1941 డిసెంబరు 23న బాంబులు పడ్డాయి, ఊరు చేజారింది 1942 మార్చి 8న. ఆ నెలల్లో లక్షల మంది భారతీయులు టౌంగుప్ కనుమ దాటి అరకాన్ వైపు, తాము మీదుగా మణిపూర్ వైపు నడిచారు. అడవిలో కలరాతో, ఆకలితో వేలమంది రాలిపోయారు. కానీ మౌల్మెయిన్ అంతకు ముందే, జనవరి 31నే జపానువాళ్ళ చేతికి పోయింది. అక్కడి నుంచి పడమరకు రావాలంటే సాల్విన్, సిట్టాంగ్ రెండు నదులూ దాటాలి. సిట్టాంగ్ వంతెనను ఫిబ్రవరి 23న బ్రిటిష్ ఫౌజే పేల్చేసింది. 1938లో ఉన్న ఊళ్ళోనే 1942లో కూడా ఉండి ఉంటే, ఆ వయసులో ఆయన నడక మొదలుపెట్టడమే కష్టం. ఊళ్ళోనే ఉండిపోయి ఉండవచ్చు. అది కూడా సుఖమైన సంగతి కాదు. మౌల్మెయిన్‌కు దక్షిణాన తన్‌బ్యూజయాత్ నుంచి సయాం (నేటి థాయ్‌లాండ్) దాకా జపానువాళ్ళు వేసిన 415 కిలోమీటర్ల రైలు పట్టీ కింద ఎందరో తెలుగు, తమిళ కూలీల ఎముకలున్నాయి. ఈ రెంటిలో ఏది మీ ఇంటి కథో ఇప్పుడే రాసుకోకండి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ మీద ఆనాటి ప్రవాస భారతీయుల శాఖ ఫైళ్ళున్నాయి. అభిలేఖ్ పటల్ అన్న వాళ్ళ వెబ్‌సైటులో ఇంట్లో కూర్చునే వెతకవచ్చు. "మౌల్మెయిన్" అని పాత ఇంగ్లిషు స్పెల్లింగుతో వెతకండి, కొత్త పేరుతో దొరకదు.

చివరికి మీ అమ్మగారి ప్రశ్న. ఉత్తరంలో అన్నిటికన్నా కింద రాశారు గానీ, అసలు ప్రశ్న అదేనని నాకు తెలుసు. నలభై ఒకటో ఏట పోయిన మనిషి, తొమ్మిదేండ్ల తర్వాత ఇస్త్రీ కోటుతో నిండుగా ఉన్నాడు. ఒంటరిగా ఉన్నాడని నేను అనుకోను. ఫోటో ఎడమ అంచు కత్తెరతో కోసి ఉంది, మీరు గమనించారా? స్టూడియో అట్ట మూడు వైపులా ఉంది, నాలుగో వైపు లేదు. ఆయన కుర్చీ కూడా నడిమిట్ల లేదు. అక్కడ ఎవరైనా నిలబడి ఉన్నారేమో, కోసింది ఆయనో, మీ ముత్తవ్వో, నాకు తెలియదు. అమ్మగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే చెప్పండి. అడిగింది ఆమెనే కదా.

మౌలమ్యైన్ చుట్టుపక్కల ఇవాళ్టికీ తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. అక్కడ ఇంటిపేరుతో వెతికితే ఏమీ దొరకదు, బర్మావాళ్ళకు ఇంటిపేర్లు లేవు, మనవాళ్ళ మనుమలకు కూడా బర్మా పేర్లే. ఎవరైనా అక్కడికి పోతుంటే పేరు కాదు, ఫోటో ఇచ్చి పంపండి. తెలుగువాళ్ళ గుడి దగ్గర ముసలివాళ్ళకు చూపించమనండి. డి.ఎన్.ఏ. పరీక్ష చేయించుకుంటామంటే మీరు కాదు, మీ అమ్మగారు ఇవ్వాలి. అక్కడ ఆయనకు మనుమలుంటే ఆమెకూ వాళ్ళకూ సుమారు ఆరు శాతం కలుస్తుంది. మీ దగ్గరికి వచ్చేసరికి అది సగమవుతుంది.

ప్రశ్న: మా తాత హైదరాబాద్ ఫౌజులో ఉండి మలయాలో జపానువాళ్ళకు చిక్కిండంటారు. "హైదరాబాద్ రెజిమెంట్" అని వెతికితే అంతా కుమావూ (ఉత్తరాఖండ్ కొండల) వాళ్ళ పేర్లే వస్తున్నాయి. మేము కుమావూ వాళ్ళం కాదు గదా?
— జగిత్యాల పాఠకుడు

జవాబు: కాదు బాబూ. మలయాలో హైదరాబాద్ పేరుతో రెండు రకాల ఫౌజులు ఉన్నాయి. 19వ హైదరాబాద్ రెజిమెంట్ బ్రిటిష్ ఇండియాది, పేరే మనది, మనుషులు ఎక్కువగా ఉత్తరాదివాళ్ళు. 1945లో దాని పేరు కుమావూ రెజిమెంట్‌గా మార్చారు, కేంద్రం రాణీఖేత్. రెండోది నిజాం సొంత ఫౌజు, ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ. 1941 డిసెంబరు 8న జపానువాళ్ళు కోటా బారులో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయం కాపలా వీళ్ళదే. మీ తాత బహుశా ఈ రెండో దాంట్లో. ఆయన అక్కడే చనిపోయి ఉంటే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో చూడండి. సింగపూర్ క్రాంజీ స్మారకం మీద సమాధి తెలియని 24,000 మందికి పైగా పేర్లున్నాయి. తిరిగొచ్చి ఉంటే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు కాగితాలు అడగండి. ఉర్దూ చదివే మనిషిని వెంట తీసుకుపోండి.

ప్రశ్న: మా నాయిన డిశ్చార్జి కాగితం మడతల దగ్గర చిరుగుతున్నది. లామినేషన్ చేయిస్తే ఆగుతదా?
— భూపాలపల్లి పాఠకురాలు

జవాబు: వద్దు. ఆ వేడికి, ఆ జిగురుకు కాగితం లోపలే పాడవుతుంది, మళ్ళీ విడదీయలేరు. మడత విప్పి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పెద్ద అట్ట ఫైలులో పడుకోబెట్టండి. సెల్లో టేపు కూడా అంటించకండి. బీరువాలో పెట్టండి, బియ్యం డబ్బా మీద కాదు.